హెచ్.ఐ.వి. గలవారును మన సహకార సంఘములును

గత మాసమున పచ్చిమేత పైరులను గూర్చి వ్రాసి, ఈ మాసమున మిరప నారుమళ్ల సంగతి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాటను ఒక నెల వాయిదా వేయుచున్నాము. ఇప్పుడు వ్రాయబోవునది సేద్యమునకు సంబంధించినది కాదని కొందరు తలంపవచ్చును. మాకు మాత్రము అది పాడియొక్కయు, కూలియొక్కయు, సంఘపు పద్దులయొక్కయు సంగతిగనే తోచినది.

పశుగ్రాసపు ప్రదర్శన నిమిత్తము ఒక గ్రామమునకు పోయి, ఉదయము ఆరు గంటలవేళ పాలకేంద్రమువద్ద నిలిచియుంటిమి. ఒక సభ్యురాలు రెండు లీటర్ల పాలు తెచ్చి వరుసలో నిలువబడెను. ఆమె వంతు రాగానే గుమాస్తా నమూనా తీయలేదు. తల యెత్తకయే, "ఇంకో నాలుగు రోజులు ఆగమ్మా, చూద్దాం" అనెను. ఆమె యేమియు ననక పాలగిన్నెపై పైటచెంగు కప్పుకొని వెడలిపోయెను. వరుసలోనివా రెవ్వరును ఆమెవంక చూడలేదు.

విచారింపగా తెలిసినదేమనగా, ఆమె భర్త రెండేండ్ల క్రిందట మరణించెను. ఆమెకును హెచ్.ఐ.వి. కలదని, ఆసుపత్రికి తోడు పోయిన బంధువువలన ఊరిలో పొక్కెను. "ఆ పాలు మా పాలలో కలిపితే మేము పొయ్యం" అని పదిమంది సభ్యులు గుమాస్తాకు చెప్పిరి. గుమాస్తా చెడ్డవాడు కాడు. పదిమంది పాలు పోవునేమోయని జంకెను. ఆ పదిమందిలో ముగ్గురితో మేము మాటాడితిమి. ముగ్గురును మంచి సేద్యగాండ్రు. విత్తనశుద్ధి చేయనిదే విత్తనము చల్లరు. భూసార పరీక్ష ఫలితమును చేతబట్టుకొని వచ్చి మమ్ము నిలదీయువారు. అట్టివారును ఈ విషయమున ఒక వదంతిపై తీర్పు చెప్పిరి. ఆ దినమున వారికి చెప్పిన సంగతులనే, కొంచెము విపులముగా, ఇక్కడ వ్రాయుచున్నాము.

హెచ్.ఐ.వి. యనునది కంటికి కానరాని ఒక వైరసు. మన రక్తమందు రోగములనెదుర్కొను తెల్లకణములు కలవు. వానిలో సి.డి.4 అను జాతి కణములు తక్కిన కణములకు మేస్త్రులవంటివి. ఈ వైరసు ఆ మేస్త్రులనే పట్టును. వానిలో జొరబడి, తన సంతతిని పెంచుకొని, వానిని నాశనము చేయును. మేస్త్రి లేని కూలిముఠా యేమగునో మన కందరకును తెలిసినదే. అయితే ఇది ఒక్కనాటితో జరుగునది కాదు. మందు తీసికొననివారిలో సైతము పెక్కేండ్లు పైకి ఏ లక్షణమును లేకుండ గడచిపోవచ్చును. పిదప క్షయ, విడువని జ్వరము, విరేచనములు పైబడును. ఆ కడపటి దశకు ఎయిడ్సు అని పేరు. అనగా హెచ్.ఐ.వి. వైరసు పేరు, ఎయిడ్సు చికిత్స లేక విడిచిన పిమ్మట వచ్చు దశ. మన గ్రామములలో ఈ రెంటిని ఒక్కటిగనే పలుకుచున్నారు. దానివలన కీడేమనగా, రక్తపరీక్షలో వైరసు కనబడిన దినముననే మనిషిని చనిపోయినవారి లెక్కలో వేయుచున్నారు.

1981లో అమెరికాలో ఈ వ్యాధిని మొదట గుర్తించిరి. 1983లో పారిసునగరమందలి పాశ్చరు సంస్థవారు వైరసును కనుగొనిరి. మన దేశమున 1986లో మద్రాసునందు డాక్టరు సునీతి సోలోమన్ గారి బృందము మొదటి కేసులను బయటపెట్టెను. 2023వ సంవత్సరపు జాతీయ అంచనాల ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సువారిలో దేశపు సగటు నూటికి 0.20, తెలంగాణమున 0.44, ఆంధ్రప్రదేశమున 0.62. అనగా ఆంధ్రప్రదేశమున ఆ వయస్సువారు వేయిమందిలో సుమారు ఆరుగురు. కావున "మా ఊళ్లో అటువంటివాళ్లు లేరు" అను మాట లెక్కకు నిలుచునది కాదు. ఉన్నారు, చెప్పుకొనలేకున్నారు.

ఇక సోకు త్రోవలు. అవి నాలుగే. వైరసు గలవారితో తొడుగు లేకుండ సంభోగము. పరీక్షింపని రక్తము ఎక్కించుట. ఒకరికి గుచ్చిన సూది మరియొకరికి గుచ్చుట. తల్లినుండి గర్భమునందో ప్రసవమునందో చనుబాలవలననో శిశువునకు వచ్చుట. వీనిని దాటి అయిదవ త్రోవ లేదు. ఒక కంచమున తినుటవలన, ఒక చెంబునీరు త్రాగుటవలన, పక్కపక్కన కూర్చుండి కలుపు తీయుటవలన, చెమటవలన, దగ్గువలన, ఒకే మరుగుదొడ్డి వాడుటవలన ఇది రాదు.

పాలమాట వేరుగ చెప్పవలసియున్నది. ఆ గ్రామమున మాతో వాదించిన పెద్ద, "తల్లిపాలలో వస్తుందని డాక్టర్లే చెప్తున్నారు గదా, మరి పాలు పాలే గదా?" అనెను. ప్రశ్న తెలివిగలదే. వైరసు గల తల్లి చనుబాలలో వైరసు ఉండవచ్చుట నిజము. అవి వైరసు గల మనుష్యశరీరమునుండి వచ్చినవి గనుక. గేదెకు హెచ్.ఐ.వి. లేదు, రాదు, ఈ వైరసు మనుష్యునిది. గేదె పొదుగులోని పాలకు, గేదెను మేపువాని రక్తములోని వైరసునకు సంబంధమెట్లు కలుగును? పితుకువాని చేతి చెమటలో వైరసు సోకింపదు. చేతికి పచ్చిగాయమున్నవారు పితుకరాదనుట పాలశుచికి సంబంధించిన నియమము; అది కేంద్రములో పాలుపోయు ప్రతివారికిని వర్తించునది, ఒక్క యింటికి కాదు. ఈ సమాధానము విని ఆ పెద్ద కొంతసేపు మాటాడలేదు. తరువాత, "దోమ సంగతేమిటి?" అనెను. సంతోషించితిమి. సందేహము పైకి వచ్చినప్పుడే తీర్చుటకు వీలగును.

దోమ కుట్టునపుడు తన లాలాజలమును లోనికి విడుచును గాని, ముందు త్రాగిన రక్తమును తిరిగి విడువదు. మలేరియా క్రిమి దోమలో పెరిగి లాలాజలములోనికి చేరును, హెచ్.ఐ.వి. దోమకడుపులో పెరుగనేరదు, అక్కడనే జీర్ణమైపోవును. ఇంకొక దృష్టాంతము. దోమలవలన వచ్చునదైనచో, చేలకాపలాకు మంచెపై పండుకొను వృద్ధులకును, వీధి అరుగులపై నిద్రించు పిల్లలకును తక్కినవారితో సమముగ రావలసియుండెను. అట్లు జరుగుటలేదు.

భయపడవలసినచోట మాత్రము మనవారు భయపడుటలేదు. పొలము పనుల దినములలో ఒళ్లునొప్పులకు సూది వేయించుకొనుట మనకు వాడుక. ఆ సూది క్రొత్తదో కాదో అడుగువాడు లేడు. 2019లో పాకిస్తానుదేశమున సింధురాష్ట్రపు రతొదెరోలో వందలకొలది బిడ్డలకు హెచ్.ఐ.వి. సోకినట్లు బయటపడెను. వాడిన సూదులనే మరల వాడుట అందుకు ముఖ్యకారణమని పరిశోధకులు తేల్చిరి. పొరుగుగేదె పాలు వలదని వరుసనుండి తొలగించిన సభ్యులలో ఒక్కడైనను, సూది వేయువానిని "మా యెదుటనే క్రొత్త సంచి చింపి తీయుము" అని యడిగినవాడు కలడా? పొరపాటున సూది గుచ్చుకొనుట మొదలగు ప్రమాదము జరిగినచో 72 గంటలలోపల ప్రభుత్వాసుపత్రికి పోయినయెడల నివారణౌషధము నిత్తురు. ఎంత త్వరగా మొదలిడిన నంత మేలు.

పరీక్షకు ప్రభుత్వాసుపత్రులలో ఐ.సి.టి.సి. యను కేంద్రములు కలవు. పరీక్ష ఉచితము, ఫలితము గుప్తము. మొదటి పరీక్షలో ఉన్నట్లు కనబడినచో వేరు విధములగు మరి రెండు పరీక్షలు చేసి నిర్ధారింతురు. సోకిన క్రొత్తలో పరీక్ష పట్టకపోవచ్చును గనుక, అనుమానమున్నవారు మూడు నెలలకు మరల చేయించుకొనవలెను. గర్భిణీస్త్రీలందరును చేయించుకొనుట మిక్కిలి ముఖ్యము. ఏ చికిత్సయు లేనియెడల నూరుగురు తల్లులలో 15 మొదలు 45 మంది బిడ్డలకు వైరసు సంక్రమించును. తల్లి మందు తప్పక తీసికొని, బిడ్డకు పుట్టినది మొదలు నివారణౌషధము పోసినచో అది అయిదుకు లోపునకు దిగును. అట్టి తల్లి మందు వాడుచు మొదటి ఆరు నెలలు తన పాలనే యిచ్చుట మంచిదని మన ప్రభుత్వ వైద్యుల నిర్ణయము.

మందు సంగతి కొంచెము నిలిచి చెప్పవలెను. 2004వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి మన దేశమున ఏ.ఆర్.టి. యను ఈ చికిత్స ప్రభుత్వముచే ఉచితముగ మొదలిడబడెను. తొలిదినములలో సి.డి.4 లెక్క బాగుగ తగ్గినవారికే ఇచ్చువారు. 2017నుండి లెక్కతో నిమిత్తము లేకుండ, వైరసున్నట్లు తేలిన ప్రతివారికిని ఇచ్చుచున్నారు. ఇప్పుడు పెద్దవారిలో అధికసంఖ్యాకులకు దినమున కొక్క మాత్ర. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అను మూడు మందులు అందులోనే కలిసియుండును.

ఈ మందు వైరసును వేరుతో పెకలింపదు. మన చేలలోని తుంగను తలచుకొనుడు. పైమొలకను ఎన్నిమార్లు తీసినను లోపల గడ్డ యుండనే యుండును. పట్టువిడువక తీసినంతకాలము పైరునకు హాని లేదు. ఒక్క కారు విడిచితిమా, చేనంతయు అల్లుకొనును. హెచ్.ఐ.వి. యును అట్లే శరీరమున కొన్నిచోట్ల దాగియుండును. మాత్ర దినదినము లోనికి పోవుచున్నంతకాలము రక్తమందు వైరసు పెరుగజాలదు, సి.డి.4 కణములు తిరిగి కోలుకొనును, మనిషి దుక్కిదున్ని, కోతకోసి, బిడ్డలను పెంచి, సామాన్యమైన ఆయుర్దాయమును పొందవచ్చును. వైరల్ లోడు అను పరీక్షలో వైరసు కనబడని స్థితికి వచ్చి, ఆ స్థితిలోనే నిలిచియున్నవారినుండి సంభోగమువలన జీవితభాగస్వామికి వైరసు సోకదు. అనేక దేశములలో దంపతులను ఏండ్ల తరబడి పరిశీలించి ఈ సంగతిని స్థిరపరచిరి. ఇంతకంటె మంచివార్త ఈ వ్యాధి చరిత్రలో లేదు. ఇది మన గ్రామములకు ఇంకను చేరలేదు.

మాత్ర మానినచో వైరసు మరల లేచును. మాటిమాటికి మానుచు మొదలిడుచు నున్నచో ఆ మందునకు లొంగని వైరసు తయారగు ప్రమాదము కలదు. ఒకే పురుగుమందును సగముపాళ్లలో కొట్టికొట్టి పురుగును మొండిదానినిగా చేసికొన్నవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. ఒకపూట మరచినచో జ్ఞప్తికి వచ్చినవెంటనే వేసికొనవలెను. మరునాడు రెండు కలిపి మ్రింగరాదు. రక్తహీనతకు ఇనుపమాత్రలు, ఎముకలకు కాల్షియము మాత్రలు వాడువారు ఆ సంగతి వైద్యునితో చెప్పి వేళలు నిర్ణయించుకొనవలెను. పసరుతో వ్యాధిని సమూలముగ పోగొట్టెదమని డబ్బు గుంజువారిమాట నమ్మి మాత్ర మానినవారిని మేమెరుగుదుము. వారిలో ఒకరు ఇప్పుడు లేరు.

మరి ఉచితముగ దొరకు మందును జనము ఏల మానుచున్నారు? ఏ.ఆర్.టి. కేంద్రము దూరము. నాట్లదినములలో కూలి మానుకొని పోవలెనన్న ముఠామేస్త్రి, "ప్రతినెలా ఏం పని?" అని యడుగును. మిరపకోతలకు వలసపోయినచోట ఇరువదిమంది ఒకే పాకలో పండుకొందురు. సంచిలోని సీసాను ఎవరు చూతురోయని దానిని ఇంటనే వదలి పోవుదురు. ఇంట నున్నప్పుడును మాత్రలను కందిపప్పు డబ్బాలోనో, గాదెవెనుకనో దాచుకొని, చుట్టములు కదలనిచో ఆ రాత్రికి మానుకొందురు. ఇట్లు మందు మాన్పించునది మన చూపే. మేము చూచిన సభ్యురాలును అంతే. పాలకేంద్రమున జరిగిన యవమానము తరువాత రెండునెలలు ఆమె మందుకు పోలేదు. "బస్సులో మన ఊరివాళ్లు కనబడితే ఏమనుకుంటారో" అని ఆమె మాతో అనెను.

అందుచేత తెలియవలసిన సౌకర్యములు కొన్ని కలవు. స్థిరముగ నున్నవారికి ఒకేసారి కొన్ని నెలల మాత్రలు ఇచ్చు పద్ధతి కలదు, అడుగవలెను. సమీపపు ఆసుపత్రిలోనే మందు తీసికొనుటకు లింకు కేంద్రములు కలవు. వలసపోవువారు ముందుగ చెప్పినచో పోవుచోటి కేంద్రమున మందు పొందుటకు ఏర్పాటు చేయుదురు. ఉభయ తెలుగురాష్ట్రములలోను హెచ్.ఐ.వి. బాధితులకు ప్రభుత్వపు పింఛను కలదు. 1097 సంఖ్యకు ఫోను చేసి, పేరు చెప్పకయే, ఖర్చు లేకుండ సలహా పొందవచ్చును.

మేము చదివిన మిషను పాఠశాల ప్రక్కన కుష్ఠురోగుల వైద్యశాల యుండెడిది. 1981లో ప్రపంచారోగ్యసంస్థ కుష్ఠునకు పలుమందుల చికిత్సను నిర్ణయించిన తరువాత ఆ రోగము నయమగుట సామాన్యమయ్యెను. నయమై యిల్లుచేరిన ఒక వృద్ధుడు మా బడిగోడవద్ద వేరుసెనగకాయలు అమ్మెడివాడు. ఆయన చేతికాయలు మేము కొనలేదు. కొనవలదని ఇంట చెప్పియుండిరి. రోగము పోయి పదేండ్లయినను భయము పోలేదు. పాలకేంద్రపు వరుసలో తలలు ప్రక్కకు త్రిప్పుకొన్నవారిని చూచినప్పుడు మాకు మొదట కోపము రాలేదు. ఆ ముసలివాని బుట్ట జ్ఞప్తికి వచ్చెను.

చట్టపు సంగతియు సంఘముల పాలకవర్గములకు తెలియవలెను. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్సు నివారణ చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలున నున్నది. హెచ్.ఐ.వి. కారణముగ ఉద్యోగము, వైద్యము, చదువు, ఇల్లు అద్దెకిచ్చుట మొదలగువానిలో వివక్ష చూపుట నిషిద్ధము. బావులు, చెరువులు, స్నానఘట్టములు, దుకాణములు, శ్మశానములు సైతము ఆ చట్టమున పేర్కొనబడినవి. సమ్మతి లేకుండ పరీక్ష చేయరాదు. పనికి గాని సేవకు గాని పరీక్షను షరతుగ పెట్టరాదు. ఒకరి స్థితిని వారి సమ్మతి లేక వెల్లడింపరాదు. వీరిపై ద్వేషమును ప్రచారము చేయువారికి మూడు నెలలు మొదలు రెండేండ్లవరకు కారాగారము గాని, లక్షరూపాయలవరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. సభ్యుని పాలను ఈ కారణమున త్రోసివేయు సంఘము చట్టమునకు ఎదురుపోవుచున్నదనియే మా యభిప్రాయము.

అదే చట్టములో మరియొక ఏర్పాటు కలదు. మనవారిలో దానిని విన్నవారు బహుకొద్దిమంది. తల్లిదండ్రులు ఈ వ్యాధివలన మంచమెక్కినచోట, లేక పోయినచోట, పెద్దబిడ్డయే ఇల్లు నడుపుచుండుట మనము చూచుచున్నాము. అట్టి బిడ్డకు 12 ఏండ్లు నిండి, వ్యవహారజ్ఞానమున్నచో, 18 నిండకున్నను తన తమ్ములకు చెల్లెండ్రకు సంరక్షకుడుగ నుండవచ్చును. వారిని బడిలో చేర్చుటకు, వైద్యము చేయించుటకు, బ్యాంకుఖాతా నడుపుటకు, ఆస్తి చూచుకొనుటకు చట్టము ఆ బిడ్డకు అధికారమిచ్చుచున్నది. పదునాలుగేండ్ల పిల్లవాడు చెల్లెలి పేర నున్న ఖాతాపనికి వచ్చినచో "పెద్దవాళ్లను తీసుకురా" అని త్రిప్పిపంపుటకు ముందు, కార్యదర్శులు ఈ చట్టమును ఒకసారి తెప్పించి చదువవలెనని కోరుచున్నాము. పెద్దవారి పేరుతో వచ్చు పినతండ్రులు, మేనమామలు అందరును పొలము కాపాడుటకే వచ్చుచున్నారని మేము చెప్పజాలము.

ఇవి గాక, సభ్యుడు ఆసుపత్రిదినమున రాలేకపోయినచో బస్తాలు మరునాడు ఇచ్చుట, కారణమడుగకుండుట, ఎవరి వ్యాధిమాటయు సంఘపు అరుగుపై చర్చింపకుండుట, ఇట్టి చిన్నపనులకు తీర్మానము సైతము అక్కరలేదు.

ఆ గ్రామపు సంగతి చెప్పవలసియున్నది. సర్వసభ్యసమావేశమున ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యురాలు ఒక గంటసేపు మాటాడిరి. ఎవరి పేరును ఎత్తలేదు. ప్రశ్నలు చాల వచ్చెను. కొన్ని మోటుగనే యుండెను. ఇద్దరు సభ్యులు మధ్యలో లేచిపోయిరి. వారు నేటికిని పాలు ప్రక్క గ్రామపు కేంద్రమున పోయుచున్నారు. తక్కినవారు ఒప్పుకొనిరి. మరునాటి ఉదయము దోమను గూర్చి అడిగిన పెద్ద ఆ సభ్యురాలి వెనుకనే నిలిచి, ఆమె పాలు పోసిన క్యానులోనే తనవియు పోయించెను. ఆమెతో మాటాడలేదు.

ఆమె మరల మందు వాడుచున్నది. అయితే మేము వెళ్లులోపలనే, పాలు చెల్లని దినములలో, రెండు గేదెలలో మంచిదానిని సంతలో అయినకాడికి అమ్మివేసెను. మిగిలినది వట్టిపోవు కాలము దగ్గరపడినది. ఇంకొక గేదెకు సంఘమునుండి ఋణము కావలెనని దరఖాస్తు పెట్టియున్నది. పాలకవర్గము ఈ నెల 20వ తేదీన విచారించును. మిరప నారుమళ్ల వ్యాసము వచ్చు సంచికలో వ్రాయుదుము.